పాత గోడకు జీఆర్‌సీని అతికించకండి, తగిలించండి

నా పని బల్ల మీద ఒక గచ్చు ముక్క, అంటే గోడ మీది సున్నపు అలంకారం ముక్క, ఉంది. అరచేతి కంటే కాస్త పెద్దది. ఒక వైపు తామర రేకు, రెండో వైపు ఇటుక పొడి అంటుకున్న ఎర్రటి గరుకు. విరిగిన చోట చూస్తే మూడు పొరలు తెలుస్తాయి. లోపల సుర్ఖీ (ఇటుక పొడి) కలిపిన ముతక సున్నం, మధ్యలో సన్న ఇసుక సున్నం, పైన గోరంత మందాన పాల తెలుపు. ఆ తెలుపులో, రేకు మలుపు తిరిగిన చోట, ఒక బొటనవేలి ముద్ర ఉంది. వందేళ్ళ కింద తడి మీద వేలితో నొక్కి రేకును తిప్పిన మేస్త్రి ముద్ర అది.

ఈ ముక్క ఊడిపడడానికి కారణం నేను.

షార్జాలో తొమ్మిదేళ్ళు జీఆర్‌సీ, అంటే గాజు పోగులు కలిపిన సిమెంటు పలకలు, చేసే ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చాను. మొదట స్ప్రే గన్ పట్టాను, తరువాత అచ్చుల విభాగం చూసుకున్నాను. తిరిగొచ్చి హైదరాబాద్‌లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్న రెండో ఏడు, ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు తమ తాతల నాటి రెండంతస్తుల ఇల్లు చూపించారు. సున్నంతో కట్టిన ఇటుక గోడలు. పిట్టగోడ కింద ముందుకు పొడుచుకొచ్చిన కార్నిస్ చాలాచోట్ల రాలిపోయింది, కింద వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. దాని కింద మాత్రం తామర రేకుల పట్టీ చెక్కుచెదరకుండా ఉంది. "కార్నిస్ ఒక్కటి చేసిపెట్టు బాబూ, ఈ పువ్వులు అట్లాగే ఉండాలి" అన్నారు ఆయన.

మిగిలిన కార్నిస్ నుంచి రబ్బరు అచ్చు తీశాను. మూడేసి మీటర్ల ముక్కలు పోశాను. రంగు కలిసింది, గీత కలిసింది. గోడకు బోల్టులు బిగించి, వెనక సందులన్నీ సిమెంటు మాలుతో నింపి, పైన సిమెంటు వాలు తీసి, కింద కూడా సందు లేకుండా పూడ్చాను. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత భద్రం అనుకున్నాను. పరంజా విప్పిన రోజు లెక్చరర్ గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ గర్వంగా ఉండింది.

రెండు వానాకాలాలు గడిచాయి. మూడో ఏడు ఆయన ఫోన్ చేసి, "కార్నిస్ బాగానే ఉంది, పువ్వులు రాలుతున్నాయి" అన్నారు. వెళ్ళి చూస్తే అదే నిజం. నేను పెట్టిన కార్నిస్‌కు గీత కూడా పడలేదు. దాని కింద వందేళ్ళు నిలిచిన గచ్చు పట్టీ ఉబ్బి, తెల్లటి ఉప్పు పూసి, ముక్కలుగా ఊడుతోంది. ఇంటి కప్పు మీది నీళ్ళు ఎక్కడో వెంట్రుకంత సందులోంచి నా కార్నిస్ వెనక్కి చేరాయి. బయటికి పోయే దారి నేను ఉంచలేదు. ఆ తడి మెత్తటి సున్నం వెంబడి కిందికి దిగి, ఎండాకాలం పువ్వుల్లోంచి ఆరింది. ఆరేటప్పుడు సిమెంటులోని ఉప్పును, గోడలోని ఉప్పును మోసుకొచ్చి గచ్చు పొర కిందే వదిలింది. ఉప్పు గడ్డకట్టి గచ్చును నెట్టేసింది.

మా నాయిన తాపీమేస్త్రి. చిన్నతనంలో సున్నపు గానుగ దగ్గర పనిచేసినవాడు. తీసుకెళ్ళి చూపించాను. గోడకు అరచేయి ఆనించి చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. "దీనికి చెమట పోయే తోవ లేకుండ జేసినవ్ బిడ్డా" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ఆ తరువాత నేను చదివిందీ, మాట్లాడిందీ, చేతులతో చేసిందీ చాలావరకు ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది. ఇప్పుడు మన ఊళ్ళల్లో పాత గడీలు, దేవిడీలు, బడులు, గ్రంథాలయాలు బాగుచేద్దామని చాలామంది ముందుకొస్తున్నారు. మంచిదే. చేతిలో మాత్రం అందరికీ ఒకే కేటలాగ్ ఉంటోంది. స్తంభం, తోరణం, జాలీ, బ్రాకెట్, ఏది కావాలన్నా జీఆర్‌సీలో దొరుకుతుంది. అందుకే ఈ పదార్థాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో, వాడితే ఎట్లా వాడాలో చెప్పాలనిపించింది. జీఆర్‌సీని తిట్టడానికి రాయడం లేదు. నాకు అన్నం పెట్టింది అదే, ఇప్పటికీ అదే పెడుతోంది.

ముందు దాని మంచి చెప్తాను. సిమెంటు, సన్నటి సిలికా ఇసుక దాదాపు సమానం, తక్కువ నీళ్ళు, కొంచెం యాక్రిలిక్ పాలిమర్. వీటికి తోడు, స్ప్రే పద్ధతిలో అయితే బరువులో సుమారు 5 శాతం గాజు పోగులు. పని మొదలైనప్పుడు అచ్చు మీద పోగులు లేని పల్చటి పొర కొడతాం. బయటికి కనిపించే ముఖం అదే. దాని మీద గన్‌తో ఒక పక్క సిమెంటు ముద్ద, మరో పక్క కత్తిరించుకుంటూ వచ్చే గాజు పోగులు కలిపి కొడతాం. ప్రతి పొర తరువాత రోలర్‌తో నొక్కుతాం. పోగులు ముద్దలో మునగాలి, గాలి బుడగలు చావాలి. రోలర్ పనిలో బద్ధకిస్తే ఎంత మంచి సరుకైనా పనికిరాదు. గల్ఫ్‌లో ఎండాకాలం రాత్రిపూటే స్ప్రే చేసేవాళ్ళం. నాతోపాటు రోలర్ పట్టినవాళ్ళలో జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. అక్కడి మెరిసే భవనాల మీది గీతల్లో మన పల్లెల చేతులు ఉన్నాయి.

చివరికి వచ్చే పలక మందం 10 నుంచి 15 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల పలక చదరపు మీటరుకు దాదాపు 24 కిలోలు తూగుతుంది. అదే ముఖం 30 మిల్లీమీటర్ల గ్రానైటులో చేస్తే 80 కిలోలు, 100 మిల్లీమీటర్ల మామూలు ప్రీకాస్ట్ కాంక్రీటులో చేస్తే 240. లోపల ఇనుప చువ్వ ఉండదు కాబట్టి చువ్వ తుప్పు పట్టి పగిలే బాధ లేదు. నిప్పుకు ఫైబర్‌గ్లాస్ లాగా అంటుకోదు. అజర్‌బైజాన్ రాజధాని బాకూలో ఆర్కిటెక్ట్ జహా హదీద్ గీసిన హైదర్ అలియేవ్ సెంటర్ 2012లో తెరిచారు. నేలలోంచి అల లేచినట్టు ఉండే ఆ భవనంలో మనుషులు నడిచే, తాకే కింది భాగాలకు జీఆర్‌సీ, పైన ఎత్తున ఉన్నవాటికి ఫైబర్‌గ్లాస్ పలకలు వాడారు. 2010 ప్రపంచకప్ ఫైనల్ జరిగిన జోహన్నెస్‌బర్గ్ సాకర్ సిటీ స్టేడియానికి ఆనపకాయ బుర్ర రూపం ఇచ్చిన మట్టి రంగు పలకలు కూడా ఇవే. రాతితోనో, పోత కాంక్రీటుతోనో ఆ రూపాలు అంత తేలిగ్గా నిలబడవు.

దీని పుట్టుక కథలో ఒక భారతీయ పేరు ఉంది, మనవాళ్ళకు పెద్దగా తెలియదు. సిమెంటులో గాజు పోగులు కలపాలన్న ఆలోచన పాతదే. సోవియట్ దేశంలో ప్రయోగాలు కూడా జరిగాయి. చిక్కు ఎక్కడంటే, సిమెంటు లోపలి తడికి ఘాటైన క్షార గుణం ఉంటుంది, పీహెచ్ 12.5 పైమాటే. మామూలు గాజు పోగును అది లోపల్లోపలే కొరికేస్తుంది. పలక చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపల పోగులు చచ్చిపోతాయి. బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ స్టేషన్‌లో ఎ.జె. మజుందార్ 1967 ప్రాంతంలో దీనికి దారి చూపించారు. గాజులో జిర్కోనియా కలిపితే అది క్షారాన్ని తట్టుకుంటుందని తేల్చారు. పిల్కింగ్టన్ కంపెనీ దాన్ని 1971లో సెమ్‌ఫిల్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. అప్పటి నుంచే జీఆర్‌సీ నిజమైన కట్టుబడి సరుకు అయింది.

ఈ చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే, 1967కు ముందు జరిగిన తప్పే ఇవాళ మన రోడ్ల పక్క షెడ్లలో జరుగుతోంది. పడవలకు, నీళ్ళ ట్యాంకులకు వాడే మామూలు గాజు పోగును సిమెంటులో కలిపి "జీఆర్‌సీ జాలీ" అని అమ్మడం నేను కళ్ళారా చూశాను. చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. కొన్నేళ్ళకు తెలుస్తుంది, అది రెండో అంతస్తు ఎత్తున ఉన్నప్పుడు. కొనేవాళ్ళు ఒక్క ప్రశ్న అడగండి: పోగులో జిర్కోనియా ఎంత? 16 శాతానికి తగ్గకూడదు. పోగు చుట్ట మీదా, కంపెనీ కాగితం మీదా ఆ సంగతి ఉంటుంది. చూపించలేనివాడి దగ్గర కొనకండి.

మంచి పోగుతో చేసినా వయసు దీన్ని వదలదు. ఏళ్ళు గడిచేకొద్దీ సిమెంటు స్ఫటికాలు పోగు కట్టల మధ్య పెరిగి, సాగే గుణాన్ని తగ్గిస్తాయి. కొత్త పలక విరిగే ముందు వంగుతుంది, చప్పుడు చేస్తుంది, మనిషికి వ్యవధి ఇస్తుంది. పాత పలక అంత వ్యవధి ఇవ్వదు. మొదట్లో ఉన్న వంగుడు బలం కాలక్రమంలో దాదాపు మొదటి పగులు వచ్చే స్థాయికి పడిపోతుందని లెక్కలోనే పట్టుకుని డిజైన్ చేస్తారు, చేయాలి. మెటాకయోలిన్ (కాల్చిన తెల్ల బంకమట్టి పొడి) లాంటివి కలిపితే ఈ ముసలితనం నెమ్మదిస్తుంది. ఇవన్నీ తెలిసి వాడితే భయం లేదు. టెస్ట్ రిపోర్టు మీది మొదటి నెల అంకె చూసి సంబరపడితే భయం ఉంది.

ఇక పాత భవనాల సంగతి.

పాత కట్టడాల రిపేరులో జీఆర్‌సీకి పేరు తెచ్చింది అమెరికా నగరాలు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో చికాగో, న్యూయార్క్‌లలో ఉక్కు చట్రం మీద టెర్రకోట ముఖాలు తగిలించి ఎత్తైన భవనాలు కట్టారు. కాల్చిన మట్టి అలంకారాలు ఉక్కు కొక్కేలకు వేలాడేవి. నీళ్ళు లోపలికి దిగితే కొక్కెం తుప్పు పట్టి ఉబ్బుతుంది, మట్టి పెంకు పగులుతుంది, ముక్క కింద పడుతుంది. 1979లో న్యూయార్క్‌లో ఒక భవనం మీంచి రాలిన ముక్క తగిలి ఒక కాలేజీ విద్యార్థిని చనిపోయింది. మరుసటి ఏడు నగరం ఒక చట్టం తెచ్చి, ఎత్తైన భవనాల ముఖాలను ఎప్పటికప్పుడు తనిఖీ చేయించి తీరాలంది. ఆ భయంతో చాలామంది యజమానులు కార్నిస్‌లను నరికి పడేశారు. కిరీటం తీసేసిన తల లాంటి భవనాలు ఆ నగరంలో ఇప్పటికీ కనిపిస్తాయి. మళ్ళీ పెట్టాలనుకున్నవాళ్ళకు టెర్రకోట చేసే కార్ఖానాలు చాలావరకు మూతబడి ఉన్నాయి. అక్కడ జీఆర్‌సీ పనికొచ్చింది. తేలిక, ఏ రూపమైనా వస్తుంది, పాత దాని నుంచే అచ్చు తీయొచ్చు.

ఆ దేశపు నేషనల్ పార్క్ సర్వీస్ 1988లో, చారిత్రక భవనాల మీద ప్రత్యామ్నాయ పదార్థాలు ఎప్పుడు వాడొచ్చో ఒక చిన్న పుస్తికలో చెప్పింది. అసలు పదార్థం దొరకనప్పుడు, పని తెలిసినవాళ్ళు దొరకనప్పుడు, అసలు పదార్థంలోనే లోపం ఉన్నప్పుడు, నేటి భద్రతా నియమాలు మార్పు కోరినప్పుడు. ఈ నాలుగూ చదివిన రోజు నేను లెక్చరర్ గారి ఇంటిని గుర్తుచేసుకున్నాను. ఒక్కొక్క కారణాన్నీ మన గోడ ముందు నిలబెట్టి చూద్దాం.

సున్నం దొరకదా? దొరుకుతుంది. అందులో కలిపే కరక్కాయ, బెల్లం, మారేడు గుజ్జు, సుర్ఖీ, ఇవి ఏ జిల్లా కేంద్రంలోనైనా దొరికేవే. గానుగ సున్నానికి కావలసింది ఓపిక. సున్నం తడిపి వారాల తరబడి మాగనివ్వాలి, ఇసుకతో కలిపి గానుగలో మెత్తగా నలగ్గొట్టాలి, పొర పొరకూ వ్యవధి ఇవ్వాలి. గోడ మీదికి వెళ్ళాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ నెమ్మదిగా మళ్ళీ రాయి అవుతుంది. కాంట్రాక్టరు బిల్లుకు ఆ వ్యవధి నచ్చదు. అంతమాత్రాన సరుకు లేదనడం అబద్ధం.

పనివాళ్ళు లేరా? ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో, ఎన్నిసార్లు నేనే అన్నానో. 2013లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి పని మొదలుపెట్టింది. అంతకుముందు 20వ శతాబ్దంలో గుమ్మటాల మీదా గోడల మీదా వేసిన సిమెంటును గీకి తీసేసి, మళ్ళీ సున్నంతో గచ్చు పని చేయించారు. పదేళ్ళ పైన సాగిన ఆ పనిలో మేస్త్రీలు చేతులతో సున్నం మలిచారు. ఆ ఆవరణలోని మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. అదే ఏడు కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు కూడా వచ్చింది. అంటే ఈ పని తెలిసినవాళ్ళు ఈ రాష్ట్రంలోనే ఉన్నారు. వాళ్ళను పిలవకుండా లేరనడం అన్యాయం. పిలవకపోతే మాత్రం నిజంగానే లేకుండా పోతారు. మా నాయిన చేతుల్లో ఉన్న పని నా చేతుల్లోకి రాకపోవడానికి, నేను షార్జా వెళ్ళడానికి కారణం ఒకటే. ఇక్కడ అతన్ని ఆ పనికి పిలిచేవాళ్ళు లేకపోయారు.

సున్నంలో లోపం ఉందా? ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే నాలాంటి సిమెంటు మనుషులు తడబడేది ఇక్కడే. 2019 మే మొదట్లో చార్మినార్ మినార్ మీంచి ఒక గచ్చు ముక్క ఊడిపడింది. టీవీల్లో చూపించారు. ఆ వారం నాకు తెలిసినవాళ్ళు చాలామంది, "ఇంకా ఆ సున్నమేంటి, మీ జీఆర్‌సీతో చేసేస్తే పోలేదా" అన్నారు. 1591 నాటి కట్టడం మీద ఒక ముక్క ఊడితే పదార్థం పనికిరాదంటున్నాం. నాలుగు వందల ఏళ్ళ ఎండా వానా చూసి నిలిచిన పదార్థానికి, వయసు యాభై పైన ఇంకా కొద్దిగానే ఉన్న పదార్థంతో పరీక్ష పెడుతున్నాం. సున్నం మెత్తగా ఉండడం దాని లోపం అనుకుంటాం. మెత్తగా ఉంటుంది కాబట్టే గోడ కదిలితే తానూ సర్దుకుంటుంది. సన్నటి పగులు వస్తే, తడిలో కరిగిన సున్నం అందులో మళ్ళీ గట్టిపడుతుంది. రంధ్రాలు ఉంటాయి కాబట్టే గోడ తాగిన నీళ్ళు ఆవిరై పోతాయి. ఎప్పుడైనా రాలితే తాను రాలుతుంది, వెనక ఉన్న ఇటుకను కాపాడుతుంది. జీఆర్‌సీ గట్టిదనం దీనికి నూటికి నూరుపాళ్ళు వ్యతిరేకం. మెత్తటి దాన్నీ గట్టి దాన్నీ కలిపి అతికిస్తే ఓడేది ఎప్పుడూ మెత్తటిదే. నా బల్ల మీది ముక్క దానికి సాక్షి.

నాలుగోది భద్రత. ఇందులో నిజం ఉంది, దీన్ని నేను కొట్టిపారేయను. వీధి మీదికి రెండడుగులు పొడుచుకొచ్చిన బరువైన కార్నిస్, లోపల కుళ్ళిన దూలం, కింద బస్టాపు. అలాంటి చోట గానుగ సున్నం మాగేదాకా ఆగమని ఎవరికీ చెప్పలేం. పై అంతస్తు గోడలు బరువు మోయలేని స్థితిలో ఉంటే చదరపు మీటరుకు 24 కిలోల పలక వరంలాంటిదే. పరంజా మాటిమాటికీ కట్టలేని ఎత్తులో కూడా అంతే.

ఇంకో సందర్భం ఉంది, దాని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. అన్ని పాత భవనాలూ సున్నంవి కావు. 1930ల నుంచి సిమెంటు పోతతో చేసిన అలంకారాలు మన ఊళ్ళల్లో వేలల్లో ఉన్నాయి. సినిమా హాళ్ళు, కిటికీల మీది చజ్జాలు, మేడల మీద సూర్యకిరణాల రెయిలింగులు. ముంబై మెరైన్ డ్రైవ్‌లో ఇలాంటివాటి వరుస మొత్తానికి 2018లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఇవి ఆర్‌సీసీ భవనాలు. లోపలి చువ్వ తుప్పు పట్టి పగులుతున్నాయి. అక్కడ జీఆర్‌సీ పరాయిది కాదు. సిమెంటు పక్కన సిమెంటు, అదీ చువ్వ లేని సిమెంటు. అలాంటి ఇంటికి ఎవరైనా పిలిస్తే నేను రెండో ఆలోచన లేకుండా వెళ్తాను.

సున్నపు గోడ మీద జీఆర్‌సీ పెట్టక తప్పని రోజు వస్తే? అప్పుడే నా పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ తేడా వస్తుంది. అతికించను, తగిలిస్తాను. గోడకూ పలకకూ మధ్య కనీసం వేలు దూరేంత ఖాళీ. ఆ ఖాళీకి కింద నీళ్ళు జారిపోయే రంధ్రాలు, గాలి ఆడే దారి. పలక బరువు మెత్తటి సున్నం మీద పడదు, వెనక వేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రాకెట్లు ఇటుక గోడ లోపలికో, కప్పు స్లాబుకో అప్పజెప్తాయి. సిమెంటు మాలు ఒక్క తాపీ కూడా గోడను తాకకూడదు. ఎక్కడైనా పూడ్చాల్సి వస్తే సున్నంతోనే పూడుస్తాను.

ఈ పలకలు కదులుతాయన్న సంగతి చాలామంది మరిచిపోతారు. తడిస్తే సాగుతాయి, ఆరితే ముడుచుకుంటాయి. మీటరుకు ఒక మిల్లీమీటరు దాకా తేడా వస్తుందని లెక్కేసుకోవాలి. మూడు మీటర్ల ముక్కను రెండు చివర్లా గట్టిగా బిగిస్తే అది మధ్యలో పగలడమో, పట్టుకున్న చోట గోడను లాగడమో ఖాయం. అందుకే కింద రెండు బ్రాకెట్లు మోస్తాయి, పైన రెండు పట్టుకుంటాయి. పట్టుకునేవాటి రంధ్రం బోల్టు కంటే వెడల్పుగా ఉండాలి, ముక్క అటూ ఇటూ జరగాలి. ముక్కకూ ముక్కకూ మధ్య సందు కనిపించకూడదని యజమానులు పట్టుబడతారు. ఉండాలి సార్, ఆ గీత ఉంటేనే మీ కార్నిస్ బతుకుతుంది అని నచ్చజెప్తాను. చిన్న ముక్కలు చేసి, పాత మేస్త్రి పొరలు కలిపిన చోటే మన గీత పడేలా చూసుకుంటే కంటికి పెద్దగా ఆనదు.

అన్నిటికన్నా ముఖ్యం, విప్పి తీసేలా ఉండాలి. నా తరువాత వచ్చేవాడు స్పానర్ పట్టుకుని బోల్టు విప్పితే, లోపల గోడ నేను చూసినప్పుడు ఎలా ఉందో అలాగే దొరకాలి. అతని దగ్గర మంచి సున్నపు మేస్త్రి ఉండొచ్చు, నా దగ్గర లేకపోయినా.

పాత కట్టడాలను ఎట్లా కాపాడాలో నిపుణులు రాసుకున్న 1964 నాటి వెనిస్ చార్టర్‌లో రెండు మాటలు నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టాయి. పాత పద్ధతి చాలనప్పుడు రుజువైన ఆధునిక పద్ధతి వాడొచ్చు అంటుంది. మరోచోట, పోయిన భాగం స్థానంలో పెట్టింది మొత్తంతో కలిసిపోవాలి, అయినా అసలుది కాదని తెలియాలి అంటుంది. కలిసిపోవాలి, తెలియాలి. రెండూ ఎట్లా? జీఆర్‌సీ ఎంత బాగా కలిసిపోతుందంటే, అసలుకు దొంగ సాక్ష్యం చెప్పగలదు. ఇసుక రాయి, పాలరాయి, గచ్చు, ఏ ముఖమైనా తొడుక్కుంటుంది. అందుకని ఇప్పుడు నా ప్రతి ముక్క వెనకా పోసిన నెల, ఏడు, పోగు రకం అచ్చులోనే రాసి పోస్తాను. ముందు వైపు రేకుల లెక్క పాతదే, కానీ అంచును ఒక్క పిసరు లోపలికి తగ్గిస్తాను. వీధిలోంచి చూసేవాళ్ళకు తెలియదు, నిచ్చెన ఎక్కి చూసేవాళ్ళకు తెలుస్తుంది.

అచ్చు గురించి కూడా చెప్పాలి. అచ్చు తీస్తే పాత మేస్త్రి బొటనవేలి ముద్ర కూడా వస్తుంది. మొదట్లో అది చూసి మురిసిపోయేవాణ్ణి. ఒకే రేకు నుంచి తీసిన అచ్చుతో నలభై రేకులు పోస్తే నలభైటి మీదా ఒకే ముద్ర, ఒకే చోట. లెక్చరర్ గారి ఇంటి పట్టీలో ఏ రెండు రేకులూ ఒకలా లేవు. పొద్దున చేసినవి పదునుగా ఉన్నాయి, ఆ చివరవి కాస్త మెత్తబడ్డాయి. పొద్దు వాలాక చేసినవేమో. ఆ తేడాలోనే ఒక మనిషి దినం ఉంది. మరీ తప్పక పోయాల్సి వస్తే ఇప్పుడు ఒకే అచ్చు వాడను, కనీసం ఐదారు చోట్ల నుంచి తీస్తాను. అది సరిపోతుందని అనను.

కొత్త ఇళ్ళ గురించి ఒక్క ముక్క. రోమన్ స్తంభాలు, రాజస్థానీ ఝరోకాలు తగిలించిన కొత్త విల్లాల వల్లే నా వర్క్‌షాప్ నడుస్తోంది. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. తమ ఇంటికి తమకు నచ్చిన ముఖం పెట్టుకుంటున్నారు, గోడకు నష్టం లేదు. నా బాధంతా పాత గోడలకు వయసు తెలియకుండా చేయడానికి అదే కేటలాగ్ తెరిచినప్పుడే.

లెక్చరర్ గారి ఇంటికి మళ్ళీ వెళ్ళాను. నా ఖర్చుతోనే కార్నిస్ విప్పాను. సిమెంటు మాలు ఉలితో తీస్తుంటే దానితోపాటు ఇటుక పొరలు కూడా లేచొచ్చాయి, మూడేళ్ళలోనే అంతగా పట్టేసింది. ఆ ఎండాకాలమంతా గోడను వట్టిగా వదిలేశాం. తడిపిన కాగితం గుజ్జు పూసి, ఆరాక ఊడదీసి, మళ్ళీ పూసి ఉప్పు లాగాం. సమాధుల దగ్గర పనిచేసిన ఇద్దరు మేస్త్రీలు వచ్చారు. నాయిన గానుగ దగ్గర కూర్చుని సున్నం వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇంకా కాలేదు, ఇంకా కాలేదు అంటూ రెండు రోజులు తిప్పించాడు. వీధి వైపు కార్నిస్, రాలిపోయిన పువ్వులు వాళ్ళు చేతులతో మలిచారు. పెద్ద మేస్త్రి నన్ను పిలిచి తాపీ ఇచ్చి ఒక రేకు నన్ను చేయమన్నాడు. మూడుసార్లు గీకి తీసేసి నాలుగోసారి ఉంచాడు.

వెనక వైపు 1960లలో పోసిన ఆర్‌సీసీ పోర్టికో ఉంది, దాని అంచు చువ్వలు తుప్పు పట్టి పెచ్చులూడుతోంది. అక్కడ మాత్రం రెండు జీఆర్‌సీ బ్రాకెట్లు, ఒక పట్టీ పెట్టాను. ఒక్కొక్కటి నాలుగు స్టీల్ బోల్టులకు తగిలించి ఉంది, వెనక గాలి ఆడుతుంది. పోయిన వానాకాలం జోరువానలో నాయినను తీసుకెళ్ళాను. కింది రంధ్రాల్లోంచి నీళ్ళు సన్నగా, వరసగా బయటికి కారుతున్నాయి. నాయిన గొడుగు కింద నిలబడి వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఆరు రంధ్రాలకు ఐదే కారుతున్నాయని చెప్పి, నిచ్చెన తెమ్మన్నాడు.